అడాప్టర్లు, చార్జర్లలో షార్ట్ సర్క్యూట్ ఫాల్ట్ టెస్ట్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాల్ట్ టెస్టంటే ఒక్కో పార్టునీ కావాలని షార్ట్ చేసి (రెండు కాళ్లని నేరుగా కలిపి) గానీ, ఓపెన్ చేసి (కాలు తెంపి) గానీ ఏం జరుగుతుందో చూడటం. ఈ పేజీలో ఉదాహరణగా తీసుకున్నది వైఫై రౌటర్లకీ సెట్‌టాప్ బాక్సులకీ వచ్చే 12 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్. లోపల 2 ఆంపియర్ల టైమ్-లాగ్ ఫ్యూజు (కాస్త ఆలస్యంగా తెగే రకం), 0.1 మైక్రోఫారడ్ ఎక్స్ కెపాసిటర్ (ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్యనుండేది), బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్లు), 47 మైక్రోఫారడ్ 400 వోల్టుల మెయిన్ కెపాసిటర్, పీడబ్ల్యూఎం ఐసీ (మాస్‌ఫెట్‌ని నడిపే కంట్రోల్ చిప్), 650 వోల్టుల మాస్‌ఫెట్ (డ్రైన్, గేట్, సోర్స్ అనే మూడు కాళ్ల ఎలక్ట్రానిక్ స్విచ్), ఫ్లైబ్యాక్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్స్ వైపు ప్రైమరీ, ఔట్‌పుట్ వైపు సెకండరీ), పీసీ817 ఆప్టోకప్లర్ (ఔట్‌పుట్ సంగతిని వెలుతురు ద్వారా ఐసీకి చేరవేసేది, అంటే ఫీడ్‌బ్యాక్), టీఎల్431 (ఔట్‌పుట్ వోల్టేజీని సరిచూసే ఐసీ), షాట్కీ డయోడు, ఔట్‌పుట్ కెపాసిటర్లు ఉంటాయి. ఎల్‌ఈడీ డ్రైవరైనా, ల్యాప్‌టాప్ చార్జరైనా, టీవీ పవర్ బోర్డయినా పద్ధతి ఇదే. విలువలు మాత్రం మారతాయి.

ఈ టెస్టులో అసలు చూసేదేమిటి?

ఏళ్ల తరబడి వాడితే ఏదో ఒక పార్టు పోతుంది. అలా పోయినప్పుడు వాడేవాళ్లకి షాక్ కొట్టకూడదు, నిప్పు అంటుకోకూడదు, ముట్టుకుంటే చెయ్యి కాలకూడదు. చూసేది ఈ మూడే. అడాప్టర్ మళ్లీ పనిచేయాలన్న షరతు లేదు. ఫ్యూజు పోవచ్చు, మాస్‌ఫెట్ పగలొచ్చు, అడాప్టర్ చెత్తబుట్టకి పోవచ్చు, అయినా టెస్టు పాసే. దానికి తిరగబడి కూడా జరుగుతుంది: అడాప్టర్ ఏమీ ఎరగనట్టు పనిచేస్తూనే ఉంటుంది, లోపల ట్రాన్స్‌ఫార్మర్ 200 డిగ్రీలకి చేరుతుంది. అది ఫెయిల్.

మన దేశంలో ఏ ప్రమాణం ప్రకారం చేయాలి?

2012లో వచ్చిన నిర్బంధ రిజిస్ట్రేషన్ ఉత్తర్వు కింద అడాప్టర్లు, చార్జర్లు, టీవీలు, ఎల్‌ఈడీ ఉత్పత్తుల వంటివి దశలవారీగా బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ పరిధిలోకి వచ్చాయి. ఐటీ పరికరాల అడాప్టర్లకి మొదటినుంచీ వాడింది భారతీయ ప్రమాణం ఐఎస్ 13252 (పార్ట్ 1): 2010, అంటే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60950-1. దాని స్థానంలోకి వచ్చింది ఐఎస్/ఐఈసీ 62368-1: 2018. ఎల్‌ఈడీ డ్రైవర్లకి ఐఎస్ 15885 (పార్ట్ 2, సెక్షన్ 13), సెల్ఫ్ బ్యాలస్ట్ (డ్రైవర్ లోపలే ఉన్న) ఎల్‌ఈడీ బల్బులకి ఐఎస్ 16102 (పార్ట్ 1), మిక్సీ, ఇండక్షన్ స్టవ్ లాంటి ఇంటి పరికరాలకి ఐఎస్ 302. ఐఈసీ 62368-1లో ఫాల్టుల సంగతి అనెక్స్ (అనుబంధం) బీలో ఉంటుంది: బీ.3 అసాధారణ వాడకం గురించి, బీ.4 ఒక్కో పార్టు ఫాల్టు గురించి. పరీక్ష మొదలుపెట్టే ముందు ఈ రెండూ పక్కన పెట్టుకోండి.

ఒకసారికి ఒకే ఫాల్టు ఎందుకు? నిజంగా పాడైనప్పుడు రెండు మూడు కలిసే పోతాయి కదా?

పోతాయి. వాటినీ లెక్కలోకి తీసుకుంటారు. మీరు చేత్తో పెట్టేది ఒక్కటే. దానివల్ల వెంటనే ఇంకో రెండు పార్టులు పోతే అవి కూడా అదే ఫాల్టులో భాగం, వాటిని ఆపే ప్రయత్నం చేయకూడదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పార్టులు ఒకే క్షణంలో పోవడం మాత్రం పరీక్షలో కలపరు. రక్షణని రెండంచెలుగా పెట్టేది ఇందుకే, ఒక అంచె పోయినా రెండోది నిలబడాలి.

ఏ పార్టులకి షార్ట్ పెట్టాలి? జాబితా ఎలా రాసుకోవాలి?

సర్క్యూట్ డయాగ్రామ్ ముందు పెట్టుకుని ఎడమ నుంచి కుడికి రండి. సెమీకండక్టర్లలో ఏ రెండు కాళ్లనైనా, ఒకసారికి ఒక జతగా షార్ట్ చేయాలి. తర్వాత ఒక్కో కాలూ తెంపాలి. మాస్‌ఫెట్‌కి డ్రైన్-సోర్స్, డ్రైన్-గేట్, గేట్-సోర్స్ షార్ట్‌లు, మూడు ఓపెన్‌లు. కెపాసిటర్లకి, రెసిస్టర్లకి షార్ట్, ఓపెన్ రెండూ. ఐసీకి పక్కపక్క పిన్నుల మధ్య షార్ట్, ఒక్కో పిన్ను ఓపెన్. షార్ట్ టెస్ట్ అనే పేరు చూసి ఓపెన్‌లు వదిలేసేవాళ్లు చాలామంది. ప్రమాదకరమైన ఫలితాలు కొన్ని ఓపెన్‌లలోనే బయటపడతాయి.

మా ఉదాహరణలో ఎలా ఉంటుందో చూడండి. మెయిన్ కెపాసిటర్ షార్ట్ చేస్తే ఫ్యూజు క్షణంలో పోతుంది, బ్రిడ్జి కూడా పోవచ్చు. బ్రిడ్జిలో ఒక డయోడు షార్ట్ అయినా అంతే. మాస్‌ఫెట్ డ్రైన్-సోర్స్ షార్ట్ చేస్తే కెపాసిటర్‌లో దాచుకున్న శక్తి ఫ్యూజుతో పనిలేకుండా ప్రైమరీ గుండా, కరెంటుని కొలిచే సెన్స్ రెసిస్టర్‌లోకి దూకుతుంది. 264 వోల్టుల సప్లైలో (ఈ పరీక్షలో గరిష్ఠం అదే) కెపాసిటర్ మీద 373 వోల్టులు ఉంటాయి. 47 మైక్రోఫారడ్లకి అది 3.3 జౌళ్లు. బోర్డు మీదే అంటించే చిన్న ఎస్‌ఎండీ రెసిస్టర్ ముక్కలవడానికి అది చాలు. డ్రైన్-గేట్ షార్ట్ చేస్తే ఆ వోల్టేజీ నేరుగా ఐసీ గేట్ పిన్నుకి వెళ్తుంది, ఐసీ ప్లాస్టిక్ పగిలి ఎగురుతుంది.

ఔట్‌పుట్ డయోడు షార్ట్‌ని చిన్నచూపు చూడకండి. మాస్‌ఫెట్ ఆన్ అయిన ప్రతిసారీ సెకండరీ నేరుగా ఔట్‌పుట్ కెపాసిటర్ మీద పడుతుంది, ప్రైమరీ కరెంటు ఒక్కసారిగా లేస్తుంది. ఐసీలో మొదటి రెండు మూడు వందల నానోసెకన్లు కరెంటుని పట్టించుకోని సమయం ఉంటుంది, లోపలి రక్షణ ఆ లోపు కళ్లు తెరవదు. డయోడు షార్ట్‌ని పట్టుకునే ఏర్పాటు ఐసీలో లేకపోతే మాస్‌ఫెట్ నిలవదు.

పార్టులే కాదు, ట్రాకుల మధ్య దూరాలు కూడా చూడాలి. సర్క్యూట్ పనిచేయడం కోసం మాత్రమే ఉన్న (షాక్ నుంచి కాపాడేది కాని) ఇన్సులేషన్‌లో దూరం చాలకపోతే ఆ రెండు ట్రాకుల్నీ షార్ట్ చేసి చూడమంటుంది ప్రమాణం. ఫ్యూజుకి ముందు ఫేజు, న్యూట్రల్ ట్రాకుల మధ్య ఇది జరిగితే ఆపేవాళ్లెవరూ లేరు. అందుకే ఫ్యూజు మెయిన్స్ పిన్నుకి అతి దగ్గర్లో ఉండాలి, దానికి ముందున్న ట్రాకుల మధ్య మామూలు బోర్డు మీద కనీసం 2.5 మిల్లీమీటర్ల క్రీపేజీ దూరం (బోర్డు ఉపరితలం మీదుగా కొలిచేది) వదలాలి.

వేటికి షార్ట్ పెట్టనక్కర్లేదు?

తమ ప్రమాణం ప్రకారం సర్టిఫికెట్ ఉండి, రీఇన్‌ఫోర్స్‌డ్ ఇన్సులేషన్‌గా (ఒక్కటే రెండంచెల రక్షణకి సమానంగా) పనిచేసే వాటికి అడ్డంగా పెట్టరు: ప్రైమరీకీ సెకండరీకీ మధ్యనున్న వై1 కెపాసిటర్, ఆప్టోకప్లర్ రెండు వైపుల మధ్య, ట్రాన్స్‌ఫార్మర్ రెండు వైండింగుల మధ్య. ఐఈసీ 60384-14 సర్టిఫికెట్ ఉన్న ఎక్స్ కెపాసిటర్‌కీ ఇదే మినహాయింపు. అయితే ఆప్టోకప్లర్‌లో ఎల్‌ఈడీ వైపు రెండు కాళ్ల మధ్య, ట్రాన్సిస్టర్ వైపు రెండు కాళ్ల మధ్య షార్ట్ పెట్టి తీరాలి. సర్టిఫికెట్ కాగితం లేని వై కెపాసిటర్ మామూలు కెపాసిటరే, దాన్ని షార్ట్ చేయాల్సిందే. చేస్తే ఫలితం ఏమిటో ముందే తెలుసు, మెయిన్స్ నేరుగా ఔట్‌పుట్ పిన్ను మీదకి వస్తుంది.

సప్లై ఎలా ఉండాలి? సిరీస్ బల్బు పెట్టి చేయొచ్చా?

కూడదు. రిపేరు బల్ల మీద సిరీస్ బల్బు (సప్లై లైనులో వరుసగా పెట్టి కరెంటుని అదుపు చేసేది) మంచి నేస్తం, ఫాల్ట్ టెస్టులో మాత్రం అది తప్పుడు ఫలితాన్నిస్తుంది. 230 వోల్టుల మీద 60 వాట్ల బల్బు ఫిలమెంట్ వేడెక్కాక దాదాపు 880 ఓములు. వెనక పూర్తి షార్ట్ ఉన్నా పావు ఆంపియర్‌కి మించి పారదు. 2 ఆంపియర్ల ఫ్యూజు ఎప్పటికీ పోదు, పేలాల్సిన పార్టు పేలదు, అన్నీ పాస్ అయినట్టే కనిపిస్తాయి. చిన్న వేరియాక్ (వోల్టేజీ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్), చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (మెయిన్స్ నుంచి విడదీసేది)లతోనూ ఇదే చిక్కు. వోల్టేజీ మార్చడానికి వేరియాక్ కావాలి కనుక పెద్దది, కనీసం 10 ఆంపియర్లది తీసుకోండి. ఫ్యూజు తెగాల్సిన ఫాల్టుల్ని మాత్రం వేరియాక్ లేకుండా 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మించితే పడిపోయే స్విచ్) ఉన్న లైను మీద నేరుగా మళ్లీ చేయండి. ఫ్యూజుకన్నా ముందు ఎంసీబీ పడిపోతే రాసిపెట్టుకోండి, అది అడాప్టర్ గొప్పతనం కాదు.

100-240 వోల్టులని ముద్రించిన అడాప్టర్‌ని 90 దగ్గరా 264 దగ్గరా రెండుచోట్లా చూడాలి. ఏది కష్టమైన స్థితి అన్నది ఫాల్టుని బట్టి మారుతుంది. పార్టులు పేలేది ఎక్కువగా 264లో, బ్రిడ్జి, మాస్‌ఫెట్ వేడెక్కేది ఎక్కువగా 90లో.

షార్ట్‌ని ఎలా పెట్టాలి? ముందే సోల్డర్ చేసేయొచ్చా?

అడాప్టర్ మామూలుగా నడుస్తుండగా ఫాల్టు పడాలి. అందుకని ఆ రెండు పాయింట్లకి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైర్లు సోల్డర్ చేసి, వీలైనంత పొట్టిగా బయటికి తీసి, స్విచ్ గానీ రిలే గానీ పెట్టండి. పొడుగాటి సన్నటి వైరు పెడితే దాని రెసిస్టెన్స్, ఇండక్టెన్స్ కూడా సర్క్యూట్‌లో చేరి ఫాల్టు తీవ్రత తగ్గుతుంది. గేటు, ఫీడ్‌బ్యాక్ లాంటి సున్నితమైన చోట్ల వైరు వేలాడితే అదే యాంటెన్నా అయి ఐసీని గందరగోళపరుస్తుంది, అక్కడ షార్ట్‌ని బోర్డు మీదే పెట్టి స్విచ్ ఆన్ చేయండి. ఓపెన్‌కి కాలు లేపి అదే పద్ధతి. నడుస్తుండగా పెట్టి ఒకసారి, ఫాల్టుతోనే ఆన్ చేసి ఒకసారి చూడటం మంచి అలవాటు. కొన్ని ఐసీలు మొదటిదాన్ని తట్టుకుని రెండోదాంట్లో పోతాయి.

టెంపరేచర్ ఎలా కొలవాలి?

సన్నటి కే-టైపు థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ), 30 గేజీది. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగు, కోరు, మాస్‌ఫెట్, మెయిన్ కెపాసిటర్, వై కెపాసిటర్, ఆప్టోకప్లర్, ఔట్‌పుట్ డయోడు, ప్లాస్టిక్ కేసు లోపలా బయటా అంటించండి. మొన పూర్తిగా ఒరుసుకుని ఉండాలి. జిగురు గడ్డ మధ్యలో తేలితే 10 డిగ్రీలు తక్కువ చూపించినా ఆశ్చర్యం లేదు. ప్రైమరీ వైపు లైవ్ కనుక, రీడింగులు నమోదు చేసే లాగర్ చానళ్లు ఒకదానికొకటి ఐసొలేట్ అయి ఉండాలి. చుట్టుపక్కల టెంపరేచర్ రాసుకుని, కొలిచిన విలువలోంచి తీసేసి, మీరు ప్రకటించిన గరిష్ఠ పరిసర ఉష్ణోగ్రతని కలపండి. లాబ్‌లో 26 డిగ్రీలుండి, ప్రకటించింది 45 అయితే వైండింగు మీద కనిపించిన 150 నిజానికి 169. బెజవాడ మే నెలలో టీవీ వెనక ఉండే అడాప్టర్‌కి ఆ 45 ఏమీ ఎక్కువ కాదు.

ఎంతసేపు? 30 నిమిషాల్లో 3 డిగ్రీలకి మించి పెరగని దాకా, లేదా ఏదైనా తెగి ఆగిపోయేదాకా.

ఔట్‌పుట్ షార్ట్ చేస్తే అడాప్టర్ చల్లగానే ఉంది. పాస్ అయినట్టేనా?

ఆ ఒక్క టెస్టు పాస్. కష్టమైనది ఇంకా మిగిలే ఉంది. పూర్తి షార్ట్ పడగానే ఐసీ కొన్ని పదుల మిల్లీసెకన్లలో ఆగి, కాసేపాగి, మళ్లీ ప్రయత్నించి, మళ్లీ ఆగుతుంది. సగటున పారే పవర్ చాలా తక్కువ, అందుకే చల్లగా ఉంటుంది. రక్షణ మేల్కోని చోట అసలు పరీక్ష ఉంది.

ఎలక్ట్రానిక్ లోడు (కోరినంత కరెంటు లాగే పరికరం) పెట్టి 2 ఆంపియర్ల నుంచి 0.1 చొప్పున పెంచుకుంటూ పోండి. ఏదో ఒక చోట, ఉదాహరణకి 3.1 దగ్గర, అడాప్టర్ ఆగిపోతుంది. మళ్లీ ఆన్ చేసి 3.0 దగ్గర పెట్టి వదిలేయండి. రేటింగుకి ఒకటిన్నర రెట్ల లోడు, ఫ్యూజు తెగదు, ఐసీ ఆపదు, వేడి మాత్రం గంటల తరబడి పేరుకుంటుంది. రౌటర్ లోపల ఒక కెపాసిటర్ సగం లీకైతే జరిగేది ఇదే. ట్రాన్స్‌ఫార్మర్ వైండింగుకి వేరే రక్షణ లేనప్పుడు ఫాల్టులో హద్దు ఇన్సులేషన్ క్లాస్ (వేడిని తట్టుకునే తరగతి) ఏకి 150 డిగ్రీలు, క్లాస్ బీకి 175. ఈ పరీక్షని 90 దగ్గరా 264 దగ్గరా విడివిడిగా చేయాలి. చౌక ఐసీల్లో ట్రిప్ పాయింట్ (ఐసీ ఆపేసే కరెంటు) సప్లై వోల్టేజీ ఎక్కువైతే పైకి జరుగుతుంది, 90లో 2.7కే ఆగినది 264లో 3.4 దాకా లాగొచ్చు.

హద్దు దాటితే విరుగుడు: సెన్స్ రెసిస్టర్ విలువ కొంచెం పెంచడం, లైన్ కాంపెన్సేషన్ (సప్లై మారినా ట్రిప్ పాయింట్ కదలకుండా చూసేది) ఉన్న ఐసీ తీసుకోవడం, లేదా ట్రాన్స్‌ఫార్మర్‌లో మందమైన వైరు. ఇన్సులేషన్ క్లాసు పెంచడం కూడా దారే, కానీ అప్పుడు పక్కనున్న కెపాసిటర్ వేడిని ఎవరు చూస్తారు? మొదటి రెండూ మేలు.

ఫ్యూజు పోయింది. పాసా?

చాలాసార్లు అవును, కానీ ఎంత కరెంటుకి పోయిందన్నది ముఖ్యం. అంచున పోయిన ఫ్యూజుని నమ్మలేం, ఇంకో బ్యాచ్‌లో అదే ఫ్యూజు నిలబడొచ్చు. ఇంటి పరికరాల ప్రమాణం ఐఈసీ 60335-1, క్లాజు 19లో దీనికి స్పష్టమైన లెక్క ఉంది. ఫ్యూజు స్థానంలో అమ్మీటర్ పెట్టి ఫాల్టు మళ్లీ చేస్తారు. కరెంటు రేటింగుకి 2.1 రెట్లు మించకపోతే ఫ్యూజు రక్షణ లేనట్టే, దాన్ని షార్ట్ చేసి టెస్టు నడపాలి. 2.75 రెట్లు దాటితే రక్షణ ఉన్నట్టు. మధ్యలో ఉంటే ఫ్యూజు షార్ట్ చేసి, త్వరగా తెగే రకానికి గరిష్ఠంగా 30 నిమిషాలు, టైమ్-లాగ్ రకానికి గరిష్ఠంగా 2 నిమిషాలు నడుపుతారు. 2 ఆంపియర్ల ఫ్యూజుకి ఆ హద్దులు 4.2, 5.5 ఆంపియర్లు. అడాప్టర్ ప్రమాణంలో రాత వేరైనా, డిజైను సరిచూసుకోవడానికి ఈ లెక్క చాలా ఉపయోగం.

ఇంకో సంగతి. మామూలు గాజు ఫ్యూజు తెంపగలిగేది 35 ఆంపియర్లు, లేదా రేటింగుకి పది రెట్లు, ఏది ఎక్కువైతే అది. ఇంటి లైనులో షార్ట్ పడితే వందల ఆంపియర్లు పారగలవు. గాజు పగిలి లోపలి లోహం ఆవిరై పక్క ట్రాకుల మీద పూత పడుతుంది. 1500 ఆంపియర్లు తెంపగలిగే సిరామిక్ ఫ్యూజు పెట్టడానికి ఖర్చు అడ్డం చెప్పకండి.

ఫ్యూజు పోకుండానే మంట వచ్చే చోట్లు ఏవి?

చిన్న రెసిస్టర్లు. ఐసీ వీసీసీ (ఐసీకి పవర్ అందే పిన్ను) కెపాసిటర్ షార్ట్ అయిందనుకోండి. ఐసీని మొదట మేల్కొలిపే స్టార్టప్ రెసిస్టర్ ఒకటే 330 కిలోఓములదైతే దాని మీద 373 వోల్టులూ నిలిచిపోతాయి. అంటే 0.42 వాట్లు. పెట్టింది 0.25 వాట్ల, 1206 సైజు చిప్. పారే కరెంటు ఒకటిన్నర మిల్లీఆంపియర్ కూడా లేదు, ఫ్యూజుకి కబురే అందదు. రెసిస్టర్ నల్లబడి, కింద బోర్డు బొగ్గవుతుంది, ఆ బొగ్గు కరెంటుని మోస్తుంది, అక్కణ్నుంచి ఫాల్టు బోర్డు మీదే పాకుతుంది. రెండు మూడు రెసిస్టర్లు సిరీస్‌లో పెట్టి విలువ మెగాఓముకి దగ్గర చేస్తే ఈ బాధ పోతుంది.

రెండోది ఫీడ్‌బ్యాక్. ఆప్టో ఎల్‌ఈడీ షార్ట్, టీఎల్431 ఓపెన్, ఔట్‌పుట్‌లో కొంత భాగాన్ని టీఎల్431కి ఇచ్చే డివైడర్‌లో పై రెసిస్టర్ ఓపెన్, కింది రెసిస్టర్ షార్ట్: ఈ నాలుగింటికీ ఫలితం ఒకటే, ఔట్‌పుట్ 12 నుంచి పైకి లేస్తుంది. ఐసీ ఓవర్‌వోల్టేజీ రక్షణ పనిచేసేలోపు 18, 20 దాకా పోవడం మామూలే. ఔట్‌పుట్‌లో 16 వోల్టుల కెపాసిటర్ పెడితే అది ఉబ్బి తల విప్పుకుంటుంది, వచ్చే ఆవిరి ప్రైమరీ వైపు వెళ్తే హైపాట్ (ఇన్సులేషన్ మీద హై వోల్టేజీ పెట్టి చూసే పరీక్ష) ఫెయిలవుతుంది. 25 వోల్టులది పెట్టండి.

చీజ్‌క్లాత్, టిష్యూ పేపర్ ఎందుకు?

మంట కళ్లకి కనిపించకుండా క్షణంలో వచ్చి పోవచ్చు. అందుకని అడాప్టర్‌ని టిష్యూ పరిచిన మెత్తని చెక్క మీద పెట్టి, చుట్టూ పలచని నూలు చీజ్‌క్లాత్ కప్పుతారు. టిష్యూ చదరపు మీటరుకి 12 నుంచి 30 గ్రాములు, చీజ్‌క్లాత్ సుమారు 40 గ్రాములది. కరిగిన లోహం గానీ రవ్వ గానీ బయటికొస్తే గుడ్డ అంటుకుంటుంది, అది ఫెయిల్. గోధుమరంగు మచ్చ ఒక్కటే పడితే ఫొటో తీసి ఎక్కడ, ఏ పార్టుకి ఎదురుగా పడిందో రాసుకోండి. కేసు మీద మందమైన దుప్పటి వేసేవాళ్లున్నారు, అది గాలిని ఆపి మంటని కూడా ఆపేస్తుంది, పనికిరాదు.

ట్రాక్ కాలి తెగిపోయి టెస్టు ఆగింది. ఇది పాసా?

ట్రాకుని ఫ్యూజుగా నమ్మకూడదు. రాగి మందం బ్యాచికీ బ్యాచికీ మారుతుంది. ఇంకో రెండు కొత్త నమూనాల మీద అదే ఫాల్టు పెట్టి మూడింట్లోనూ అదే చోట, అంతే సురక్షితంగా తెగితేనే ఒప్పుకోవాలి. తెగిన ట్రాకు కొస లేచి సెకండరీ వైపు వంగిందేమో భూతద్దంతో చూడండి.

ఫాల్టు అయిపోయాక ఏం చూడాలి?

చల్లారకముందే హైపాట్. 230 వోల్టుల పరికరానికి పాత ఐఎస్ 13252 ప్రకారం ప్రైమరీ-సెకండరీ మధ్య 3000 వోల్టుల ఏసీ, ఒక నిమిషం. ఔట్‌పుట్ టచ్ కరెంటు (ముట్టుకుంటే ఒంట్లోంచి పారేది), కేసు పగుళ్లు, ఔట్‌పుట్ వోల్టేజీ కూడా. మామూలుగా 60 వోల్టుల డీసీలోపు ఉండే ఔట్‌పుట్ ఫాల్టులో 120 దాటకూడదు.

లిథియం బ్యాటరీ ఉన్న వస్తువులకి?

అడాప్టర్ కన్నా జాగ్రత్త ఎక్కువ కావాలి, ఎందుకంటే ప్లగ్ పీకినా శక్తి లోపలే ఉంటుంది. ఐఎస్ 16046 (పార్ట్ 2)లో సెల్‌ని పూర్తిగా చార్జ్ చేసి, 55 డిగ్రీల దగ్గర, మొత్తం 80 మిల్లీఓముల (20 అటూఇటూ) రెసిస్టెన్స్‌తో షార్ట్ చేస్తారు. మంట, పేలుడు ఉండకూడదు. ప్యాక్‌లో అయితే రక్షణ బోర్డు మాస్‌ఫెట్‌ని ముందే షార్ట్ చేసి చూడాలి, లేకపోతే మీరు పరీక్షిస్తున్నది సెల్‌ని కాదు, ఆ బోర్డుని.

ఇంట్లోనో చిన్న షాపులోనో చేయొచ్చా?

పాలీకార్బొనేట్ అడ్డు, కంటద్దాలు, చేతికందే ఎమర్జెన్సీ స్విచ్, సీఓ2 సిలిండరు, పొగ బయటికెళ్లే దారి, పక్కన ఇంకో మనిషి. వీటిలో ఏది లేకపోయినా వద్దు. ఆసిలోస్కోప్ ఎర్త్ పిన్ను తీసేసి ప్రైమరీ చూడటం ప్రాణాంతకం, డిఫరెన్షియల్ ప్రోబ్ వాడండి. ఫ్యూజు పోయిన బోర్డులో మెయిన్ కెపాసిటర్ నిండుగా ఉండొచ్చు. 10 కిలోఓముల 5 వాట్ల రెసిస్టర్ పెట్టి నాలుగైదు సెకన్లు ఆగి, మీటర్‌తో చూసి ముట్టుకోండి. స్క్రూడ్రైవర్‌తో కొట్టకండి. రిజిస్ట్రేషన్‌కి పనికొచ్చే రిపోర్టు మాత్రం బీఐఎస్ గుర్తింపు ఉన్న లాబ్ నుంచే రావాలి. మీ ఉత్పత్తికి గుర్తింపు ఏ లాబ్‌కి ఉందో బీఐఎస్ జాబితాలో చూసుకుని పంపండి.

ఎన్ని నమూనాలు పంపాలి? పాస్ అయ్యాక పార్టు మార్చొచ్చా?

ఈ సైజు అడాప్టర్‌కి పది పదిహేను, వాటితోపాటు విడి ఫ్యూజులు, మాస్‌ఫెట్లు, ఐసీలు, కేసు అతికించకుండా వదిలిన రెండు. నాశనం చేసే ఫాల్టుల్ని జాబితా చివర పెడితే నమూనాలు ఆదా.

రిపోర్టులో ఫ్యూజు, మాస్‌ఫెట్, ట్రాన్స్‌ఫార్మర్, వై కెపాసిటర్, ఆప్టోకప్లర్ల తయారీదారు, మోడల్, రేటింగు ఉంటాయి. అందులో ఏది మారినా సంబంధిత ఫాల్టులు మళ్లీ చేయాలి. మాస్‌ఫెట్ కంపెనీ మారితే డ్రైన్-సోర్స్, డ్రైన్-గేట్ షార్ట్‌లు, ఓవర్‌లోడ్. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టే సంస్థ మారితే ఓవర్‌లోడ్, ఔట్‌పుట్ షార్ట్, హైపాట్. ఐసీ మారితే దాదాపు మొత్తం జాబితా మొదటినుంచి.